అత్తమ్మ కూర్చున్నాక బిగించిన కమాన్లు

మా అత్తమ్మకు లోకంలో ఎవరితోనూ పగ లేదు, ఒక్క మా కారుతో తప్ప.

గోదావరిఖనిలో మా క్వార్టరు ముందు, వేపచెట్టు నీడలో ఉండేది ఆ కారు. ఎవరో కాంట్రాక్టరు దాన్ని అరగదీసి, విసిగి వదిలించుకుంటుంటే మా ఆయనా, బావా కలిసి తెచ్చుకున్నారు. బావ అంటే మా ఆయన అన్న. పక్క క్వార్టరే. మా ఆయన గనిలో ఫిట్టరు. బావ టింబర్‌మన్. భూమి లోపల పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం ఆయన పని. డెబ్బయ్యవ దశకం రోజులవి. మా క్వార్టర్ల లైనులో కొత్త సైకిలు కొన్నవాడే కొన్నాళ్లపాటు నేల మీద నడిచేవాడు కాదు. ఇక కారు వచ్చిందంటే చెప్పేదేముంది! పసుపు రాసి, కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, తొలి సవారీకి అత్తమ్మను వెనక సీటులో మహారాణిలా కూర్చోబెట్టారు.

మహారాణి వైభోగం బొగ్గు లారీలు తిరిగే రోడ్డు దాకానే నడిచింది. అక్కడ ఒక గుంతలో వెనక చక్రం పడింది. అత్తమ్మ ఎగిరి టాపుకు తల కొట్టుకుని, ధడేలున మళ్లీ సీటు మీద పడింది. ఆమె నడుము అప్పటికే అంతంత మాత్రం. వయసులో ఉండగా బొగ్గు గంపలు మోసి ఇద్దరు కొడుకుల్ని పెంచిన మనిషి. ఆ దెబ్బకు మంచం పట్టింది. వావిలాకు కాపడాలు పెట్టీ పెట్టీ నా చేతులు కాయలు కాశాయి. లేచి నడిచిన రోజున నేరుగా కారు ముందుకు వెళ్లి నిలబడి, “నిన్ను మల్ల ఎక్కితె నా పేరు మార్చుకుంట” అని దాని మొహం మీదే చెప్పేసింది. ఆ తర్వాత దాని పక్క నుంచి నడవాల్సి వస్తే కొంగు తగలకుండా దగ్గరికి లాక్కునేది.

కారుకేం పట్టింది? అన్నదమ్ములిద్దరూ డ్యూటీ నుంచి రాగానే దాన్ని తుడిచేవారు, అద్దాలు మెరిపించేవారు, బోనెట్ ఎత్తి లోపలికి తలలు దూర్చి ముచ్చట్లు పెట్టేవారు. అన్నం చల్లారిపోతోందని నేను అరిచేదాన్ని. నాకు నోరెక్కువని పుట్టింట్లోనే పేరు. అత్తింట్లో ఆ పేరు నిలబెట్టుకోవడానికి ఆ కారు బాగా పనికొచ్చింది.

అలా ఉండగా ఒక అంగడి రోజున అత్తమ్మకు కబురొచ్చింది. రామగిరి గుట్టల దగ్గర ఒక పల్లెలో ఆమె చెల్లెలు ఉండేది. చిన్నప్పుడే తల్లి పోతే ఆ చెల్లెల్ని చంకనేసుకుని పెంచింది అత్తమ్మే. చిన్నత్త వాళ్లకు ఉన్నది మెట్ట చెలక. అందులో ఏళ్ల తరబడి ఒక బావి తవ్వుతూనే ఉన్నారు. తవ్వితే రాయి, రాయి పగలగొడితే మళ్లీ రాయి. ఆ ఊరి నుంచి అంగడికి వచ్చిన ఒకావిడ మా గుమ్మంలో గంప దించి చెప్పింది.

“అవ్వా, మీ చెల్లె పొలంల నీళ్లు పడ్డయి. ఇంజిన్ గూడ తెచ్చి బిగించిండ్రు. కని నడిపిస్తలేరు. మా అక్క వచ్చి చెయ్యి పెడితెనే నడిపిస్త అంటున్నది మీ చెల్లె. నారు ముదురుతున్నదని కొడుకులు ఒకటే లొల్లి. అయినా ఇంటలేదు.”

అత్తమ్మ ఆమెకు మంచినీళ్లిచ్చి పంపింది. ఆ పూట అన్నం ముట్టలేదు. ఏమైందని అడిగితే గోడ వైపు తిరిగింది. చివరికి, “నేనెట్ల పోత బిడ్డా? బస్సు దిగి గంత దూరం నడువలేను. ఎడ్లబండి కుదుపుకు ఆగలేను. ఇగ గా బండి...” అంటూ మాట పూర్తి చెయ్యకుండానే ఏడ్చేసింది.

ఆమె కంట నీరు నేను చూడటం అదే మొదలు. నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. వేపచెట్టు కింద అన్నదమ్ములిద్దరూ కారుకు గుడ్డ పెడుతున్నారు. వెళ్లి ఆ గుడ్డ లాగేశాను.

“రోజూ మొహం తుడుస్తరు, పౌడరు ఒక్కటే తక్కువ. గా వెనక చక్రాల మీద ఏమున్నదో, ఏం సచ్చిందో ఒక్కనాడన్న సూసిండ్రా? అక్కడ మీ చిన్నమ్మ నారు ముదురుతున్నది, ఇక్కడ మీ అవ్వ ఏడుస్తున్నది” అన్నాను. బావ ముందు అంత గొంతు లేపడం అదే మొదటిసారి. ఆయన కారు వెనక వంగి, కింద చూసి, “తమ్మీ, షాకులు సచ్చినయిరా. కమాన్లు గూడ వంగినయి” అన్నాడు.

ఇనుప పట్టీల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి విల్లులా వంచి కట్టిన కట్టనే మా వాళ్లు కమాన్ అంటారు. వెనక చక్రానికి ఒకటి చొప్పున ఉంటాయి. గుంతలో పడ్డ దెబ్బను అవి తింటాయి. ఆ దెబ్బకు బండి ఊగుతూనే ఉండకుండా షాకులు పట్టి ఆపుతాయి. మా ఆయన కరీంనగర్ వెళ్లి కొత్త కమాన్లు, కొత్త షాకులు తెచ్చాడు. దుకాణం అతను ఒక మాట చెప్పి పంపాడట. కమాన్ల చివర్లలో, బోల్టుల చుట్టూ తొడిగే రబ్బరు బుష్షులు ఉంటాయి. వాటి నట్లు బండి గాలిలో ఉండగా బిగించకూడదు. కిందికి దించి, వెనక సీటులో బరువు పెట్టి అప్పుడు బిగించాలి. మా ఆయన ఇంటికి రాగానే ఆ మాట అందరికీ అప్పజెప్పాడు. మేమందరం తలలూపాం. ఊపడం వరకే.

ఆదివారం పొద్దున్నే పని మొదలైంది. లైనంతా ఇళ్ల ముందు బొగ్గు పొయ్యిలు రాజేసుకుంటున్నారు, పొగ నేల మీదే పాకుతోంది. బావ పొయ్యిలోకని దాచుకున్న దుంగ ముక్కలన్నీ బయటికి తెచ్చాడు. జాకీతో కారు వెనక భాగం లేపి, దాని కింద ఆ ముక్కల్ని అడ్డంగా ఒక వరస, నిలువుగా ఒక వరస పేర్చి గూడు కట్టాడు. గనిలో పైకప్పుకు అలాగే కడతారట. కట్టాక ఒక ఇనుప కడ్డీతో ప్రతి దుంగనూ తట్టి చెవి పెట్టి విన్నాడు. ఒక దుంగ నచ్చలేదు. తీసి తిరిగి పెట్టి, సందులో చెక్క చీలిక కొట్టి బిగించి, మళ్లీ తట్టాడు. అంతవరకూ మా ఆయనను కారు కిందికి వెళ్లనివ్వలేదు. వెళ్లేటప్పుడు కూడా గని టోపీ పెట్టుకోవాల్సిందేనన్నాడు. టోపీ పెట్టుకుంటే తల కారు కిందికి దూరదు, తీస్తే అన్న దూరనివ్వడు. సగం మనిషి లోపల, సగం మనిషి బయట, టోపీ ఇరుక్కుని మా ఆయన తిట్టుకుంటూ ఉంటే నాకు నవ్వాగలేదు.

“నవ్వకు. దుంగ జారితె నవ్వెటోళ్లుండరు” అన్నాడు బావ. నిజమే. ఆయన రోజూ అలాంటి చోటికే వెళ్లి వస్తాడు. నేను నోరు మూసుకుని దుంగలు ఇంకొన్ని తెచ్చి ఇచ్చాను. చివరికి టోపీ తీసి తలకు నా పాత చీర ముక్క చుట్టుకోవాలని రాజీ కుదిరింది.

ముందు రోజే కిరసనాయిలు పోసి నానబెట్టినా తుప్పు పట్టిన నట్లు ఓ పట్టాన కదల్లేదు. మా ఆయన పానా బిగించి లాగుతాడు, బావ సుత్తితో కొడతాడు, నేను కిరసనాయిలు సీసా పట్టుకుని ఎక్కడ పొయ్యమంటే అక్కడ పోస్తాను. షిఫ్టు సైరన్ మోగితే చాలు, ఇద్దరూ సెలవులో ఉన్నారన్న సంగతి మరిచిపోయి పానాలు కింద పడేసి చాయ్ కోసం నా వైపు చూసేవారు. అత్తమ్మ వాకిట్లో మంచం మీద కూర్చుని, తనకేమీ పట్టనట్టు చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. కానీ ఒక్క మాట కూడా వదలకుండా వింటోందని నాకు తెలుసు.

పాత కమాన్ ఊడి వచ్చాక తెలిసింది, ఒక పట్టీ అడ్డంగా విరిగి రెండు ముక్కలైందని. మా ఆయన ఆ ముక్కను తెచ్చి తల్లి ముందు పెట్టాడు. “ఇగో అవ్వా, నీ నడుము ఇరగ్గొట్టిన దొంగ గిదే.”

అత్తమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. బరువు చూసింది. “ఇనుము మంచిదే” అని మంచం కింద పెట్టుకుంది. ఆ తర్వాత ఆమె ఉన్నంతకాలం మా ఇంట్లో పొయ్యిలో బొగ్గు ఎగదోసింది ఆ ముక్కతోనే.

కొత్త కమాన్లు ఎక్కాయి, షాకులు ఎక్కాయి. ఇక చివరి నట్ల దగ్గర అన్నదమ్ములకు మాటా మాటా పెరిగింది. దించి బిగించాలని మా ఆయన. వదులుగా ఉండగా దించడమేంటని బావ.

“ఏందిరా తమ్మీ, దుంగ వదులుగ పెట్టి పైకప్పు కిందికి పోతరా ఎవ్వలన్న? బిగించాలె, అటెన్కనే బరువు మీదికి రావాలె. నా చేతుల వదులు పని ఉండది.”

భూమి లోపల అదే న్యాయం. ఆ న్యాయంతోనే ఆయనా, ఆయన వెంట వెళ్లిన వాళ్లూ రోజూ ఇంటికి వస్తున్నారు. కాదనడానికి ఎవరికి నోరొస్తుంది? గాలిలో ఉండగానే అన్ని నట్లూ బిగించేశారు. దుంగలు తీసి కారును దించారు. వెనక భాగం దిగలేదు. పోట్లాటకు సిద్ధమైన కోడిలా తోక ఎత్తి, ముక్కు నేలకు పెట్టి నిలబడింది.

పరీక్షకు నన్నే ఎక్కించారు. చెంబు నిండా నీళ్లు పోసి ఒళ్లో పెట్టారు. నీళ్లు ఒలకకపోతే అత్తమ్మ నడుముకు కూడా ఢోకా లేదని మా ఆయన లెక్క. లైను చివరిదాకా వెళ్లి వచ్చేసరికి చెంబులో చుక్క లేదు. ఉన్నదంతా నా మీదే ఉంది. దిగి చీర పిండుకుంటుంటే అత్తమ్మ చిక్కుడుకాయల్లోకి తల వంచేసింది. ఆమె భుజాలు కదులుతున్నాయి.

“కొత్త కమాన్లు గదా, గట్టిగుంటయి. జరంత బరువు మోస్తె అవే వంగుతయి. ఫికర్ చెయ్యకు” అన్నాడు బావ.

బరువంటే ఏం పెడతాం? బొగ్గు గనుల ఊరిలో ఆ ప్రశ్నకు ఆలోచన అక్కర్లేదు. ప్రతి ఇంటి వాకిట్లో కంపెనీ వంటకిచ్చిన బొగ్గు కుప్ప ఉంటుంది. మరొక ఊరివాళ్లైతే రాళ్లో ఇసుకో పెట్టేవారు. మా వాళ్లకు చెయ్యి చాపితే అందింది బొగ్గే. గోనె సంచుల్లో నింపి వెనక సీటు మీద కూర్చోబెట్టారు. సీటు పాడవుతుందని నా దుప్పటే పరిచారు. బావ, మా ఆయన, నేను ముందు సీటులో ఇరుక్కున్నాం. కారు నిజంగానే కాస్త దిగింది. ఆ ఉత్సాహంలో లైను దాటాం, మలుపు తిరిగాం, పెద్ద రోడ్డు ఎక్కుదామని కాలనీ గేటు దగ్గరికి వెళ్లాం. అక్కడ బొగ్గు బయటికి పోకుండా కాసే వాచ్‌మన్ కర్ర అడ్డం పెట్టాడు.

అతను మా బావకు బాగా తెలిసినవాడే. వెనక కిటికీలోంచి లోపలికి తొంగి చూశాడు.

“ఏందన్నా ఇది? బొగ్గు లారీల పోతది, రైల్ల పోతది. కార్ల వెనక సీటు మీద కూసొని పోవుడు గిప్పుడే సూస్తున్న.”

“అరె, అమ్మెటందుకు కాదు తమ్మీ. కొత్త కమాన్లు. సర్దుకోవాలని బరువు పెట్టినం” అన్నాడు బావ.

“నేను నమ్ముత అన్నా. మా సాబు అడిగితె ఏం చెప్పాలె? బొగ్గు షికారుకు పోతున్నదని చెప్పాల్నా?”

నాకు పకపకా నవ్వొచ్చింది. నా నవ్వు చూసి వాచ్‌మనూ నవ్వాడు. కానీ కర్ర తియ్యలేదు. న్యాయమే. ఇద్దరన్నదమ్ములూ దిగి, సంచులన్నీ మోసి అతని గుడిసె పక్కన కుమ్మరించారు. ఆ చలికాలమంతా గేటు దగ్గర కుంపటి మహా జోరుగా మండింది. బొగ్గు దింపిన మరుక్షణం కారు మళ్లీ తోక ఎత్తింది. ఎగిరెగిరి పడుతూ ఇంటికి చేరాం.

“అచ్చిండ్రా బొగ్గు దొంగలు?” అంది అత్తమ్మ మంచం మీది నుంచి. కబురు మాకంటే ముందే లైనుకు చేరింది.

బావ కడ్డీ తీసుకుని కారు వెనక గొంతుక్కూర్చుని కమాన్‌ను తట్టాడు. విన్నాడు. మళ్లీ తట్టాడు.

“తమ్మీ, దుకాణమాయన చెప్పిందే నిజంరా. బరువు పడ్డ దుంగ ఒక తీరు మోగుతది. ఇది మొయ్యనని మొండికేసినట్టు మోగుతున్నది. మనమే దీన్ని పట్టి బిగవట్టినం. నట్లు విప్పు. బరువు పెట్టి మల్ల బిగిద్దాం.”

సంతోషమే. బరువేదీ? బొగ్గు గేటు దగ్గర ఉంది. అన్నదమ్ములిద్దరూ పని చెయ్యాలి. నన్ను కూర్చోమన్నారు. ఆ రోజుల్లో నేను ఊదితే ఎగిరిపోయేలా ఉండేదాన్ని. కూర్చుంటే కారుకు తెలియనే లేదు. అప్పుడు చిక్కుడుకాయల చాట పక్కన పెట్టి, నడుం పట్టుకుని అత్తమ్మ లేచింది. మెల్లగా వచ్చి కారు తలుపు దగ్గర నిలబడింది.

“జరుగు పిల్లా. నేను కూసుంట.”

మేం ముగ్గురం నోళ్లు తెరిచాం.

“అవ్వా, ఎక్కనని ఒట్టు పెట్టుకుంటివి గద” అన్నాడు మా ఆయన.

“నడిచె బండి ఎక్కనన్న. ఇది నడుస్తున్నదా? ఇన్నేండ్లు గంపలు మోసిన. ఇయ్యాల నేనే గంపనైత. విప్పుండ్రి జల్ది.”

ఆమె నా పక్కన కూర్చుంది. నిండైన మనిషి. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఎంత భయంతో ఎక్కిందో నాకు అప్పుడు అర్థమైంది, ఆ ముసలామె మీద ప్రేమ పొంగుకొచ్చింది. కింద మా ఆయన నట్లు వదులు చేశాడు. కారు ఒక్కసారి కీచుమని మూలిగి, మెల్లగా, మర్యాదగా కిందికి దిగింది.

“అయ్యో!” అని కేక పెట్టిన అత్తమ్మ, దిగడం ఆగాక కళ్లు తెరిచి అటూ ఇటూ చూసింది. “ఒంగిందే! నాకు దండం పెట్టిందే!” అంది.

ఆమె అలా కూర్చుని ఉండగానే నట్లు బిగించారు. బావ మళ్లీ కడ్డీతో తట్టి విని, ఈసారి తల ఊపాడు. “ఇగ దిగు అవ్వా” అన్నాడు.

అత్తమ్మ దిగలేదు. ఎదురుగా చూస్తూ కూర్చుంది. “ఎందుకు దిగాలె? నారు ముదురుతున్నది. ముందుగాల లారీల తొవ్వ దాక పోనియ్. నొస్తె దిగుత.”

చేతులు కడుక్కోవడానికి కూడా ఎవరూ ఆగలేదు. గేటు దగ్గర వాచ్‌మన్ మళ్లీ కిటికీలోంచి తొంగి చూశాడు. “ఇప్పుడేం లోడన్నా?” అన్నాడు. “మా అవ్వ” అన్నాడు బావ. కర్ర వెంటనే లేచింది.

లారీల రోడ్డు వచ్చింది. ఆ గుంత ఎక్కడుందో మా అందరికీ తెలుసు. అత్తమ్మ కళ్లు మూసుకుని నా మణికట్టు పిసికేస్తోంది. మా ఆయన మెల్లగా పోనిచ్చాడు. వెనక చక్రం గుంతలో దిగింది, ఎక్కింది. కారు ఒక్కసారి ఊగి ఊరుకుంది.

“గుంత అచ్చిందా?” అంది అత్తమ్మ కళ్లు తెరవకుండానే.

“దాటినం గూడ అత్తమ్మా” అన్నాను.

ఆమె కళ్లు తెరిచి వెనక్కి తిరిగి చూసింది. నడుం తడిమి చూసుకుంది. “ఏదీ, మల్లొక్కపారి తిప్పు” అంది. మా ఆయన కారు తిప్పాడు. ఆ గుంతలోంచి అటు ఒకసారి, ఇటు ఒకసారి పోయాం. వెనక వచ్చే లారీవాడు హారన్ కొట్టి కొట్టి మమ్మల్ని పిచ్చివాళ్లనుకుని పక్కనుంచి వెళ్లిపోయాడు. తర్వాత గానీ ఆమె రామగిరి తొవ్వ పట్టనివ్వలేదు.

ఆ సాయంత్రం చిన్నత్త పొలంలో అక్కాచెల్లెళ్లిద్దరూ ఇంజిన్ మీద చెయ్యి పెట్టారు, కొడుకు హ్యాండిల్ తిప్పాడు. గొట్టంలోంచి ముందు గాలి, తర్వాత బురద, తర్వాత తెల్లటి నీళ్లు దూకాయి. ఇద్దరు ముసలాళ్లూ చీరలు ఎత్తి దోపుకుని, వస్తున్న నీళ్లకు ముందు ముందు కాలువలో నడిచారు. గట్టు మీద నిలబడి నేను ఏడ్చాను. ఎందుకంటే చెప్పలేను. సంతోషం అంతే. బావ మాత్రం కారు పక్కన గొంతుక్కూర్చుని ఇంకోసారి కమాన్‌ను తట్టి చూసుకున్నాడు.

ఆ పొలం, ఆ బావి ఇప్పుడు లేవు. ఓపెన్‌కాస్టు గని తవ్వకంలో కలిసిపోయాయి. దానికి ఏడవడానికి నేనిది రాయడం లేదు.

తిరిగి వచ్చేటప్పుడు చిన్నత్త ఒక చెంబు నిండా ఆ బావి నీళ్లు పోసి, ఇంట్లో అందరూ తాగాలని అక్క ఒళ్లో పెట్టింది. దారిలో నేను నిద్రపోయాను. క్వార్టరు ముందు దిగి చూద్దును కదా, చెంబులో సగం కూడా లేవు. అత్తమ్మ చీరంతా తడిసింది.

“ఏంది అత్తమ్మా, నీళ్లన్నీ ఒలికినయి? బండి మల్ల కొట్టిందా? నడుము నొస్తున్నదా?”

అన్నదమ్ములిద్దరూ గాబరాగా కారు వెనక్కి పరిగెత్తారు. అత్తమ్మ కొంగు పిండుకుంటూ, కారు మీద చెయ్యి ఆనించి, నింపాదిగా దిగింది.

“దాన్ని ఏమనకుండ్రి. అది మంచిగనే వచ్చింది” అంది. “చెల్లె మాటలు యాదికొచ్చి తొవ్వ పొడుగునా నేనే నవ్విన.”